మతిమరుపు మూలాన్ని తడిమి చూసే సూదిమొన

హోసూరు నుంచి బెంగళూరు నడిబొడ్డుకు పోయే దారిని అక్కడివాళ్లు హోసూరు రోడ్డు అంటారు. అత్తిముగం, సూళగిరి, బాగలూరు, బేరికె చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా నరాల జబ్బు ముదిరిందంటే, చివరికి ఈ దారి పట్టి నిమ్హాన్స్ ఆసుపత్రికి చేరతారు. ఆసుపత్రి ఈ రోడ్డు మీదే ఉంది. ఆ ఆవరణలో రోగుల బంధువులు మామూలుగా అడుగుపెట్టని చోటు ఒకటుంది. 1995లో ఎస్.కె. శంకర్ అనే న్యూరోపాథాలజిస్టు ఆధ్వర్యంలో మొదలైన మెదడు బ్యాంకు అది. మనిషి చనిపోయాక, కుటుంబం ఒప్పుకుంటే, మెదడును తీసుకుని పరిశోధన కోసం అక్కడ భద్రపరుస్తారు.

అల్జీమర్స్‌తో పోయిన మనిషి మెదడును పలచటి పొరలుగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద పెడితే రెండు కనిపిస్తాయి. ఒకటి, నాడీకణాల మధ్య పేరుకున్న గడ్డలు. రెండోది, కణాల లోపల చిక్కుపడిన పోగులు. ఆలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1906 నవంబరులో ట్యూబింగెన్ పట్టణంలో జరిగిన వైద్యుల సమావేశంలో చెప్పింది ఈ రెండింటి గురించే. ఆయన చూసిన మెదడు ఆగుస్టె డీటర్ అనే స్త్రీది. 1901లో, 51 ఏళ్ల వయసులో, జ్ఞాపకం చెదిరి ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఆమె 1906 ఏప్రిల్‌లో కన్నుమూసింది. ఆ గడ్డల్లో ఉన్న పదార్థమేమిటో తేలడానికి ఇంకో 78 ఏళ్లు పట్టింది. 1984లో గ్లెన్నర్, వాంగ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు అమిలాయిడ్ బీటా అనే చిన్న ప్రోటీన్ ముక్కను వేరుచేశారు. చిక్కుపడిన పోగులు టావ్ అనే మరో ప్రోటీన్‌వని ఆ దశాబ్దంలోనే తెలిసింది.

మామూలు మైక్రోస్కోప్‌కు ఒక హద్దు ఉంది. వెలుతురుతో చూసే మామూలు పరికరం దాదాపు 200 నానోమీటర్ల కంటే చిన్నవాటిని విడివిడిగా చూపలేదు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మన ఎర్ర రక్తకణం ఒక్కటే ఏడు వేల నానోమీటర్ల పైన ఉంటుంది. అమిలాయిడ్ పోగు మందం మాత్రం పది నానోమీటర్ల దరిదాపుల్లో. ఆ పోగు కట్టకముందు ఏర్పడే చిన్న గుంపులు అంతకంటే చిన్నవి. మెదడు చెడడం మొదలయ్యేది ఆ చిన్న గుంపుల దగ్గరే అయితే, అల్జీమర్ కన్ను చేరలేని చోటే అసలు కథ జరుగుతోందన్నమాట. ఇక్కడ పనికొచ్చేది నానో స్థాయి పరికరమే.

ఈ పరిశోధన మన ఊళ్లకు దూరపు సంగతి కాదు. డిమెన్షియా అంటే ఒక్క జబ్బు కాదు. జ్ఞాపకం, మాట, తెలివిడి, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా తగ్గిపోయే జబ్బులన్నిటికీ కలిపి పెట్టిన పేరు. వాటిలో అల్జీమర్స్ 60 నుంచి 70 శాతం. ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా కట్టింది. పురుషులకన్నా స్త్రీలలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఇది ఎక్కువని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. పల్లెటూళ్లలో ఈ జబ్బు ఉండదనుకునేవారు ఈ ఒక్క మాటను గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు సిప్‌కాట్ పారిశ్రామికవాడ కంపెనీలకో బెంగళూరుకో పనికి పోతే ఇంట్లో మిగిలేది అవ్వాతాతలే. అవ్వ పొయ్యి మీద పాలు మరిచిపోతే చాదస్తమంటారు, దారి తప్పితే వయసు మీద పడిందంటారు. ఆసుపత్రి మాట వచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఇంతకీ ప్రోటీన్ మడత తప్పడం అంటే ఏమిటి?

ప్రోటీన్ అనేది అమైనో ఆమ్లాలు ఒకదాని వెంట ఒకటి చేరి ఏర్పడే పొడవాటి గొలుసు. గొలుసుగా ఉన్నంతకాలం అది సాధారణంగా ఏ పనికీ రాదు. తనకు తగిన ఆకారంలోకి ముడుచుకుంటేనే పని మొదలుపెడుతుంది. ఈ ముడుచుకోవడానికి కావలసిన సమాచారమంతా ఆ గొలుసు వరసలోనే ఉంటుందని చూపిన క్రిస్టియన్ అన్ఫిన్‌సెన్‌కు 1972లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1963లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ కలిసి ఆ గొలుసులోని ఒక్కో కీలు ఏయే కోణాల్లో తిరగగలదో, ఏయే కోణాల్లో తిరగలేదో పటం గీశారు. ప్రపంచమంతటా జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు ఇవాళ్టికీ ఆ రామచంద్రన్ పటంతోనే పాఠం మొదలుపెడతారు. ప్రోటీన్ మడతల శాస్త్రానికి దక్షిణాది పట్టణం ఒకటి పునాది వేసిందన్న సంగతి మన బడి పుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది.

అమిలాయిడ్ బీటా 40 లేదా 42 అమైనో ఆమ్లాల ముక్క. ఆరోగ్యవంతుల మెదడులోనూ అది రోజూ పుడుతుంది, రోజూ తొలగిపోతుంది. దానికి స్థిరమైన ఆకారమంటూ లేదు, నీళ్లలో క్షణానికో రూపంలో కదులుతూ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి రెండు ముక్కలు చదునైన పట్టీల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటికి మూడోది, నాలుగోది చేరుతుంది. పోగు కట్టాక చూస్తే అందులో ఒక పట్టీకీ పక్క పట్టీకీ మధ్య దూరం అర నానోమీటరు కూడా ఉండదు. అంత దగ్గరగా కుట్టుకున్నదాన్ని కణం సులువుగా విడదీయలేదు. మరో చిక్కు కూడా ఉంది. పాలలో వేసిన తోడు పాలన్నిటినీ పెరుగు చేసినట్టు, మడత తప్పిన ప్రోటీన్ తన పక్కనున్న మంచి ప్రోటీన్‌ను కూడా తన ఆకారంలోకే తిప్పుకుంటుంది. ఇలా మడత అంటించే ప్రోటీన్లను ప్రయాన్లని పేరుపెట్టి వివరించిన స్టాన్లీ ప్రూసినర్‌కు 1997లో నోబెల్ వచ్చింది. అల్జీమర్స్, పార్కిన్సన్స్ కూడా మెదడులో ఒక చోటి నుంచి మరో చోటికి ఇదే తీరున పాకుతాయని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

అయితే గడ్డలు ఎక్కువుంటే మతిమరుపు ఎక్కువ, తక్కువుంటే తక్కువ అని లెక్క తేలితే పని సులువయ్యేది. అలా తేలలేదు. అమెరికాలో 678 మంది క్రైస్తవ సన్యాసినులను ముసలితనంలో ఏళ్ల తరబడి పరీక్షించి, చనిపోయాక వాళ్ల మెదళ్లను కూడా చూసిన అధ్యయనం ఒకటి ఉంది. 1986లో మొదలైంది. మెదడులో గడ్డలు, చిక్కులు దండిగా ఉన్నా చివరిదాకా తెలివిగా మాట్లాడినవారు వాళ్లలో ఉన్నారు.

హైదరాబాదులో మరో కోణం బయటపడింది. నిమ్స్ ఆసుపత్రి జ్ఞాపకశక్తి క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారికన్నా రెండు, మూడు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా ఉంది కాబట్టి దీన్ని చదువు ఖాతాలో వేయలేం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మన హోసూరు, కోలారు వైపు మొరసునాడు జనం ఈ ఫలితాన్ని శ్రద్ధగా వినాలి. భాషలు ప్రోటీన్ మడతను సరిచేయవు. మెదడుకు తట్టుకునే శక్తినిస్తాయి, అంతే. కానీ గడ్డకూ మతిమరుపుకూ మధ్య సూటి లంకె లేదని ఇలాంటి పరిశీలనలు మళ్లీ మళ్లీ గుర్తుచేశాయి.

ఆ లంకె తెగిన చోటనే శాస్త్రవేత్తలు చిన్న గుంపుల వైపు చూశారు. కంటికి కనిపించే గడ్డ బహుశా జరిగిపోయిన నష్టానికి గుర్తు మాత్రమే. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సంధుల దగ్గర చేరి హాని చేసేవి రెండు, నాలుగు, పన్నెండు అణువుల గుంపులు కావచ్చు. ఊహ బాగానే ఉంది, రుజువు చేయడమే కష్టం. అవి అతి చిన్నవి, అరుదైనవి, పైగా నిలకడ లేనివి. పరీక్షనాళికలో కోట్ల అణువుల సగటును కొలిచే పాత పద్ధతుల్లో వాటి జాడ దొరకదు.

ఈ రంగం ఒక పెద్ద దెబ్బ కూడా తింది. అలాంటి ఒక గుంపే జ్ఞాపకశక్తిని చెడగొడుతుందని 2006లో నేచర్ పత్రికలో వచ్చి, వేలసార్లు ఉదహరించబడిన పరిశోధన పత్రాన్ని, అందులోని చిత్రాలను మార్చినట్టు తేలడంతో 2024 జూన్‌లో వెనక్కి తీసుకున్నారు. చిన్న గుంపుల సిద్ధాంతమంతా ఆ ఒక్క పత్రం మీద ఆధారపడి లేదు, కనుక కూలిపోలేదు. కానీ ఒక్కో అణువును నేరుగా కొలిచే పద్ధతి, ఏ దేశంలోని ఏ ప్రయోగశాలైనా తిరిగి చేసి చూసుకోగల పద్ధతి ఎంత అవసరమో ఆ ఉదంతం చెప్పింది.

అలాంటి పద్ధతుల్లో ముందు చెప్పుకోవలసింది అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్. 1981లో జ్యూరిచ్ ఐబీఎం ప్రయోగశాలలో గెర్డ్ బిన్నిగ్, హైన్రిచ్ రోరర్ పరమాణువులను చూడగల తొలి సూదిమొన మైక్రోస్కోప్‌ను తయారుచేశారు. అది కరెంటు ప్రవహించే పదార్థాల మీదే పనిచేసేది. 1986లో బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టోఫ్ గెర్బర్ కలిసి, కరెంటుతో పనిలేని కొత్త రకం తెచ్చారు. నీళ్లలో ఉన్న ప్రోటీన్‌ను కూడా దానితో చూడవచ్చు. ఇందులో కటకం లేదు, వెలుతురుతో బొమ్మ తీయడం లేదు. సన్నటి పలక చివర కొన్ని నానోమీటర్ల మొన ఉంటుంది. అది నమూనా మీదుగా తడుముతూ పోతుంటే, ఎత్తుపల్లాలను బట్టి పలక వంగుతుంది. పలక వీపు మీద పడి తిరిగివచ్చే లేజర్ కిరణం ఆ వంపును చెబుతుంది. ఆ కొలతలన్నీ కలిపి కంప్యూటర్ బొమ్మ గీస్తుంది.

ఇదే మొనను బలం కొలిచే సాధనంగా మార్చుకున్నవాళ్లలో యూరి ల్యుబ్‌చెంకో ఒకరు. అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ఆయన బృందం మొనకు ఒక ప్రోటీన్ అణువును, కింది పలకకు మరో అణువును అతికించింది. మొనను కిందికి దించి రెంటినీ కలవనిచ్చింది. తర్వాత మెల్లగా పైకి లాగింది. అవి అతుక్కుని ఉంటే, తెగే క్షణంలో మొన ఉన్న పలక ఒక్కసారిగా వెనక్కి కొడుతుంది. ఆ దెబ్బ బలం పికోన్యూటన్లలో ఉంటుంది, అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతుతో లెక్కించాల్సిన బలం. వేలసార్లు ఇలా కలిపి, విడదీసి చూస్తే రెండు అణువుల బంధం ఎంత గట్టిదో, ఎంతసేపు నిలుస్తుందో లెక్క వస్తుంది. 2005 నుంచి ఈ బృందం ప్రచురించిన పత్రాల్లో ఒక సంగతి పదేపదే కనిపిస్తుంది. ఒంటరి అణువు ఆకారం సెకనులో అతి చిన్న భాగంలోనే మారిపోతుంది. అదే మరోదానితో జత కలిస్తే, ఆ జత సెకన్ల పాటు నిలుస్తుంది. సెకను మనకు లెక్కలోకి రాదు. అణువులకు అది చాలా పెద్ద వ్యవధి, మూడోది వచ్చి చేరడానికి కావలసినంత సమయం. మడత తప్పడానికి తొలి మెట్టు ఆ జతేనని వాళ్ల వాదన.

అదే బృందం మరో చిక్కుప్రశ్న మీదా పనిచేసింది. ప్రయోగశాలలో అమిలాయిడ్ పోగులు కట్టాలంటే మెదడులో ఉండేదానికన్నా వేల రెట్లు చిక్కటి ద్రావణం కావాలి. మరి అంత పలచగా ఉండే మెదడులో అవి ఎలా కడుతున్నాయి? 2017లో వాళ్లు చూపిన సమాధానం ఆసక్తికరమైనది. గుంపులు కట్టడానికి ఒక ఉపరితలం ఆసరా ఇస్తే చాలు, నానోమోలార్ స్థాయి పలచటి ద్రావణంలోనూ అవి తయారవుతాయి. కణాన్ని చుట్టి ఉండే కొవ్వుపొర అలాంటి ఉపరితలమే. అలాగైతే మందు వెతికేవాళ్లు ప్రోటీన్‌తో పాటు ఆ పొర మీద కూడా దృష్టి పెట్టాలి.

జపాన్‌లోని కనజావా విశ్వవిద్యాలయంలో తొషియో ఆండో ఈ మైక్రోస్కోప్‌కు వేగం నేర్పారు. నిలిచిన బొమ్మకు బదులు, కదిలే అణువుల వీడియో తీయగల యంత్రం వచ్చింది. 2016లో దానితో అమిలాయిడ్ పోగు పెరగడాన్ని చూసినవారికి, ఒకే పోగు కాసేపు మెలికలుగా, కాసేపు తిన్నగా పెరుగుతూ తన తీరు మార్చుకోవడం కనిపించింది. పెద్ద పోగుల లోపలి నిర్మాణం చూడడానికి మరో దారి దొరికింది. అది క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ. 2017లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు మైకేల్ గోడెర్ట్, స్జోర్స్ షెరెస్ బృందం అల్జీమర్స్‌తో చనిపోయిన ఒక రోగి మెదడు నుంచి తీసిన టావ్ పోగు నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో బయటపెట్టింది. తర్వాతి రెండేళ్లలో, అదే టావ్ మరో రకం డిమెన్షియాలో మరో తీరుగా, తలకు పదేపదే దెబ్బలు తగిలిన ఆటగాళ్లలో ఇంకో తీరుగా మడతపడుతుందని చూపింది. ఏ జబ్బుకు ఆ మడత. ఈ ఇరవై ఏళ్లలో వచ్చిన అన్ని ఫలితాల్లోకెల్లా ముఖ్యమైనది ఇదే. ఎందుకంటే రోగి ఏ రకం డిమెన్షియాతో బాధపడుతున్నాడో మడతను చూసి చెప్పే రోజు రావచ్చన్న ఆశకు ఇది గట్టి ఆధారం.

తెలుగు నేల మీద ఈ పనికి మంచి ఉదాహరణ హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఉంది. అక్కడ చాలా ఏళ్లు డైరెక్టరుగా ఉన్న సీహెచ్. మోహనరావు, ఆయన సహచరులు కంటి కటకం గురించి పరిశోధన చేశారు. కటకంలోని ప్రోటీన్లు మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా దాదాపు మారవు. అవి మడత తప్పి ముద్దకట్టకుండా ఆల్ఫా క్రిస్టలిన్ అనే కాపలా ప్రోటీన్లు చూసుకుంటాయి. వాటి శక్తి అయిపోయినప్పుడు కటకం మసకబారుతుంది, శుక్లం వస్తుంది. ఆ కాపలాదారుల్లో ఆల్ఫా బీ క్రిస్టలిన్ అనేది కంటిలోనే కాదు, మెదడులోనూ ఉంటుంది. అది అమిలాయిడ్‌ను కూడా ఆపగలదా అన్న ప్రశ్నతో సీసీఎంబీ బృందం జపాన్‌లోని ఒసాకా శాస్త్రవేత్త యూజి గోటో బృందంతో చేతులు కలిపింది.

వాళ్లు వాడిన పద్ధతుల్లో ఒకటి చెప్పుకోదగ్గది. గాజు పలకలోకి వెలుతురును బాగా వాలుగా పంపితే అది పైకి రాకుండా లోపలికే తిరిగిపోతుంది. గాజుకు ఆనుకుని వందా నూటయాభై నానోమీటర్ల మందం మాత్రమే వెలుగుతుంది. పోగుకు అంటుకున్నప్పుడు మెరిసే రంగును అందులో కలిపితే, ఆ పలచటి వెలుగుపొరలో ఒక్కో అమిలాయిడ్ పోగూ విడిగా కనిపిస్తుంది. 2005లో బయోకెమికల్ జర్నల్‌లో వచ్చిన వాళ్ల ఫలితం ఇది: ఆల్ఫా బీ క్రిస్టలిన్ కలిపినప్పుడు అమిలాయిడ్ బీటా పోగులు పెరగలేదు. ఈ కాపలా ప్రోటీన్ విడి అణువులను పట్టుకుని కూర్చోవడం లేదు, పోగుకు బీజమైన గుంపును పట్టుకుని ఎదుగుదలను అడ్డుకుంటోంది. పోగు ఎదుగుదలను బీజం దగ్గరే ఆపవచ్చన్న మాటకు మన హైదరాబాదు ప్రయోగశాల ఇచ్చిన సాక్ష్యం ఇది. శుక్లాన్నీ మతిమరుపునూ ఒకే పరిశోధన కిందికి తెచ్చిన ఆ చూపు గొప్పది.

మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో కె.ఎస్. జగన్నాథరావు బృందం మరో ప్రోటీన్‌ను పట్టుకుంది. ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ఆ ప్రోటీన్ పార్కిన్సన్స్‌లోనూ, లూయీ బాడీ డిమెన్షియాలోనూ ముద్దకడుతుంది. రాగి కలిసినప్పుడు ఒకలా, ఇనుము కలిసినప్పుడు మరోలా పోగులు కడతాయని వాళ్లు 2007లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలతో చూపారు. బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ పరిశోధన కేంద్రంలో టి. గోవిందరాజు బృందం తయారుచేసిన టీజీఆర్63 అనే చిన్న అణువు ఎలుకల మెదడులో అమిలాయిడ్ భారాన్ని తగ్గించి, వాటి జ్ఞాపకశక్తిని మెరుగుపరిచినట్టు 2021లో ప్రకటించారు. ఎలుకలో పనిచేసిన మందు మనిషిలో పనిచేయకపోవడం ఈ రంగంలో ఎన్నోసార్లు జరిగింది. ఆశపడవచ్చు గానీ తొందరపడకూడదు.

రోగికి నానో పరిశోధన నేరుగా అందే దారి మందుకన్నా ముందు పరీక్ష రూపంలో తెరుచుకుంది. 2005లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చాడ్ మిర్కిన్, విలియం క్లైన్ బృందాలు బంగారు నానోరేణువులతో ఒక పద్ధతి చూపాయి. ఒక్కో రేణువు మీద అమిలాయిడ్ గుంపును పట్టే యాంటీబాడీ ఉంటుంది, దానితో పాటు గుర్తుగా వందలాది డీఎన్ఏ పోగులు. గుంపు దొరికితే ఆ డీఎన్ఏను లెక్కపెడతారు. ఒక్క అణువు జాడ వందల రెట్లు పెద్దదవుతుందన్నమాట. వెన్నునీటిలో అంతవరకు ఎవరూ పట్టుకోలేనంత కొద్ది మొత్తాన్ని ఆ పద్ధతి పట్టింది. వెన్నులో సూది గుచ్చి నీరు తీయడం మాత్రం ఎవరికీ ఇష్టంలేని పని.

ఆ తర్వాత రక్తం వంతు వచ్చింది. సన్నటి అయస్కాంత పూసలను ఒక్కోదాన్ని ఒక్కో సూక్ష్మ గుంటలో కూర్చోబెట్టి, ఏ పూసకు ప్రోటీన్ అంటుకుందో లెక్కపెట్టే సిమోవా వంటి పద్ధతుల వల్ల, రక్తంలో అతి తక్కువగా ఉండే టావ్ ముక్కలను కొలవడం సాధ్యమైంది. ఈ ముక్కల్లో పీ-టావ్217 అన్నది మెదడులోని మార్పును బాగా పట్టిస్తుందని తేలింది. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, 55 దాటి మతిమరుపు లక్షణాలున్నవారి కోసం, ఈ ముక్కనూ అమిలాయిడ్‌నూ కలిపి చూసే తొలి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. ఖరీదైన పెట్ స్కాన్ అవసరం చాలామందికి తప్పే దారి ఇది.

మందుల్లో లెకానెమాబ్ పేరు వినబడుతోంది. పోగు కట్టకముందరి అమిలాయిడ్ గుంపులను ప్రత్యేకంగా పట్టుకునే యాంటీబాడీ అది. అమెరికాలో 2023 జూలైలో పూర్తి అనుమతి పొందింది. 1,795 మందితో జరిగిన పరీక్షలో, 18 నెలల్లో జబ్బు ముదరడాన్ని 27 శాతం నెమ్మదింపజేసింది. జబ్బును నయం చేయలేదు, పోయిన జ్ఞాపకాన్ని తెచ్చివ్వలేదు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వచ్చాయి. అమెరికాలో ఏడాదికి 26,500 డాలర్లని కంపెనీ ధర పెట్టింది. సూళగిరి రైతు కుటుంబం ముందు ఈ అంకె చెప్పడానికి కూడా మనసు రాదు. కాబట్టి ఈ ప్రాంతానికి ఇప్పట్లో ఎక్కువ మేలు చేయగలిగేది జబ్బును తొందరగా, తక్కువ ఖర్చుతో కనిపెట్టడమే.

ఆ పనికి కావలసిన పునాది మొరసునాడులోనే పడుతోంది. కోలారు జిల్లా శ్రీనివాసపురం మామిడికి పేరున్న తాలూకా, కృష్ణగిరి లాగే. తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. బెంగళూరు ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018లో ఆ తాలూకా పల్లెల్లో, 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి పరిశీలించే లక్ష్యంతో అధ్యయనం మొదలుపెట్టింది. సంస్థ వ్యవస్థాపక డైరెక్టరు విజయలక్ష్మీ రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన నాడీ శాస్త్రవేత్త. మతి బాగున్నప్పుడే మనిషిని చేర్చుకుని, రక్తం, జన్యువులు, మెదడు స్కాన్, జ్ఞాపకశక్తి పరీక్షలతో మళ్లీ మళ్లీ చూస్తారు. ఎవరిలో ఎప్పుడు ఏ మార్పు మొదలైందో ఏళ్లు గడిచాక ఆ వివరాలే చెబుతాయి. ప్రోటీన్ పరీక్షల్లో ఎంత వరకు మామూలు, ఎంత దాటితే జబ్బు అన్న గీతలు ఎక్కువగా ఐరోపా, అమెరికా మనుషుల్ని చూసి గీసినవి. రాగిసంకటి తిని, ఎండలో పనిచేసి, షుగరు, బీపీలతో ముసలివాళ్లయ్యే మన మనుషులకు అవే గీతలు సరిపోతాయో లేదో మన రక్తంలోనే చూసి తేల్చాలి. శ్రీనివాసపురం పల్లెజనం తమ సమయాన్ని, రక్తాన్ని ఇచ్చి చేస్తున్న మేలు అత్తిముగానికీ చెందుతుంది.

ఈలోగా చేయదగినవి చాలా ఉన్నాయి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, వినికిడి లోపం, చూపు లోపం, పొగ, మద్యం, ఒంటరితనం లాంటి 14 కారణాలను అదుపులో పెడితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. శుక్లం ఆపరేషనూ, వినికిడి యంత్రమూ ఈ జాబితాలోని లోపాలను సరిచేసేవే. మతిమరుపు వచ్చిన ప్రతివారికీ అల్జీమర్స్ ఉండదు. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, మనసు కుంగినా మతి తప్పుతుంది. ఇవన్నీ వైద్యం ఉన్నవి, మొదటి రెండూ మామూలు ప్రయోగశాలలో తేలేవి.

ఇక నానో అనే మాట చూసి మోసపోవద్దు. మెదడు జబ్బులకు నానో పొడి, నానో చుక్కలు అంటూ ఎవరు అమ్మినా కొనవద్దు. అల్జీమర్స్‌ను నయం చేసే నానో మందేదీ ఇవాళ ప్రపంచంలో ఎక్కడా అనుమతి పొంది లేదు. మెదడు చుట్టూ ఉన్న రక్షణ గోడను దాటించి మందు చేర్చే నానోరేణువులు ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లో, జంతువుల మీద పరీక్షల్లోనే ఉన్నాయి.

ఇంట్లో పెద్దవాళ్లు తెలిసిన దారి తప్పుతున్నా, చెప్పిందే చెబుతున్నా, డబ్బు లెక్కలో తడబడుతున్నా, చాదస్తమని కసురుకోకుండా దగ్గరి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. పెద్దల కోసం కేంద్రం నడిపే 14567 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు. ఈ జబ్బుతో ఎవరైనా కన్నుమూస్తే, దుఃఖంలో ఉన్నా సరే, నిమ్హాన్స్ మెదడు బ్యాంకు గురించి ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి. ఆ దానానికి కుటుంబం సంతకం తప్పనిసరి, కాబట్టి మనిషి బాగున్నప్పుడే అందరూ కూర్చుని నిర్ణయించుకుంటే మంచిది.